మాంసం తగ్గించాల్సింది ఎవరు?

(రైతుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



"మాంసం తగ్గించండి, పర్యావరణాన్ని కాపాడండి" అనే మాట ఈమధ్య తరచూ వింటున్నాం. వినగానే మనకు కోపం వస్తుంది. నాలుగు గొర్రెలు మేపుకుని, ఆదివారం ఒక్కపూట కూర వండుకునే మనమా దోషులం? ఆ కోపం న్యాయమే. అయినా అందులో నిజమెంతో చూద్దాం.

నెమరువేసే పశువుల త్రేన్పుల్లో మీథేన్ వాయువు వస్తుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మనుషుల పనుల వల్ల వెలువడే ఇలాంటి వాయువుల్లో 14.5 శాతం పశుపోషణవేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో లెక్కగట్టింది.

అంతకన్నా పెద్ద సమస్య భూమిది. బ్రెజిల్‌లో నరికేసిన అమెజాన్ అడవిలో ఎక్కువ భాగం పశువుల మేతభూమి అయింది. ప్రపంచంలో పండే సోయాలో అధికభాగం దాణాకే పోతోంది. అమెరికాలో పశువులను దొడ్లలో ఉంచి, మొక్కజొన్న పెట్టి బలుపుతారు. అక్కడ తలా ఏడాదికి సుమారు 100 కిలోల మాంసం తింటారు. మన దేశ సగటు 10 కిలోలు కూడా లేదు. తగ్గించాలని ముందు ఎవరికి చెప్పాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన గొర్రె గింజలు తిని పెరగదు. కోతలయ్యాక మిగిలిన ఆకు అలములు, బీడుగడ్డి మేస్తుంది. చేలో మంద కడితే నేలకు ఎరువు. ఇలాంటి పశుపోషణను ఆ దాణా వ్యాపారంతో ఒకే గాటన కట్టడం అన్యాయం. పర్యావరణం పేరుతో పేదల తిండిమీద ఆంక్షలు పెడితే ఒప్పుకోం.

కానీ మన వైపూ చూసుకుందాం. కోళ్ల దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. ఆ గిరాకీ చూసి జొన్న, కంది వదిలాం. యూరియా బస్తాలు పెంచాం. కందిపప్పేమో మొజాంబిక్, మయన్మార్‌ల నుంచి దిగుమతి అవుతోంది. కంది వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయని తెలిసీ ఆ పంటను దూరం చేసుకున్నాం. తప్పు మనది మాత్రమే కాదు, కొనే దిక్కు లేకనే వదిలాం.

అందుకే మన డిమాండ్లు ఇవి: కంది, పెసర, మినుములను మద్దతు ధరకు ప్రభుత్వమే కొనాలి. రేషన్‌లో, బడి భోజనంలో పప్పు, జొన్న పెంచాలి. గ్రామాల బంచరాయి భూములను ఆక్రమణల నుంచి కాపాడాలి. రోజూ కోడికూర తినగలిగిన ఇళ్లు వారంలో కొన్ని పూటలు పప్పుకు మారితే మన కందికీ గిరాకీ వస్తుంది.

ఈ వానాకాలం మొక్కజొన్న వేసే ప్రతి సభ్యుడూ కొన్ని సాళ్లయినా కంది వేయాలని కోరుతున్నాం. గ్రామ శాఖల్లో దీన్ని చర్చించండి.