ఖాకీ బట్టయు మన పిల్లల చదువును

నేఁతయే జీవనముగాఁ గల మన వారి సభలో ఖాకీని గూర్చి మేము రెండు మాటలు మనవి చేయుదుము.

ఖాక్ అనఁగాఁ బారసీకభాషలో దుమ్ము. (ధూసర మను చక్కని మాట మనకుండఁగా లోకము దీనినే పట్టుకొన్నది!) 1846లోఁ బెషావరున హారీ లమ్స్‌డెన్ దొర నెలకొల్పిన గైడ్సు దళమువారు, ఎఱ్ఱయంగీలకు మాఱుగా, నేలలోఁ గలసిపోవు నీ రంగును దాల్చిరి. పిమ్మట నది పోలీసువారికిని, తుదకు విలాసపురుషులకును వేషమయ్యెను.

2022 జనవరి 15న మన సైన్యము క్రొత్త యుద్ధవేషమును బ్రదర్శించెను. దానిని రూపొందించుటలో సేనానులకుఁ దోడ్పడినవారు జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థవారు. నూటికి 70 పాళ్లు ప్రత్తి, 30 పాళ్లు పాలియెస్టరు. అంగళ్లలో నకళ్లు పుట్టకుండుటకై యా నమూనాను సైన్యము తన పేర నమోదు చేయించుకొనెను.

ఫ్యాషనన్న వట్టి విలాసమని మేమును జిరకాలము తలఁచితిమి. చిత్రలేఖనమున నాఱితేఱిన యొక నేఁతగాని కొడుకు, మా శిష్యుఁడు, ఆ చదువునకుఁ బోవఁగోరఁగా, “కుట్టుపనికిఁ జదువేల?” యని మేమే మాన్పించితిమి. పడుగుపేకల మర్మ మెఱిఁగిన యా బాలుఁడు నేఁడొక దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాఁడు.

దాతలారా, ఈ యేఁటి విద్యార్థివేతనములలో నొకటి యీ విద్యకుఁ గేటాయింపుఁడు. మా వంతు 10,116 రూపాయలు కోశాధికారిగారికి నిదివఱకే యొప్పగించితిమి.