చీపురు మొదలు బ్లీచింగ్ దాకా: ఇంటి శుభ్రతకు ఏం కొనాలి?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా పనికొచ్చే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి చెప్పగల సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను సర్వీసంతా స్టోర్సు విభాగంలో గడిపినవాణ్ణి. అందుచేత ఇంటి స్టోర్సు గురించి, అంటే చీపురు, బకెట్టు, తడిగుడ్డ, బాత్రూము మందు గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. దయచేసి నవ్వకండి. ఈ విషయంలో నా అజ్ఞానం వల్ల మా ఇంట్లో ప్రాణం మీదికే వచ్చింది.

2019లో సంక్రాంతికి ముందు ఇల్లు కడుగుతున్నాం. పనికి వచ్చే అమ్మాయి ఊరికి వెళ్లింది. బాత్రూము నేను కడుగుతానని గొప్పగా చెప్పి, చిన్న పీట వేసుకుని కూర్చున్నాను. ముందు బ్లీచింగ్ పౌడరు చల్లాను. మరక వదలలేదు. ఒకటి చేయని పని రెండు కలిస్తే చేస్తాయి గదా అని, దాని మీదనే మరుగుదొడ్డి కడిగే మందు పోశాను. చలిగా ఉందని కిటికీ మూసి ఉంది. అర నిమిషంలో కళ్లు మండాయి, ఊపిరి ఆడలేదు, కేక వేయబోతే గొంతు పెగల్లేదు. నా దగ్గు విని మా ఆవిడ పరుగున వచ్చి నన్ను బయటికి లాగింది. ఆమెకు అప్పటికే ఉబ్బసం ఉంది. నేను సాయంత్రానికి తేరుకున్నాను. ఆమె మాత్రం మూడు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. తప్పు నాది, శిక్ష ఆమెది.

జరిగింది ఏమిటో డాక్టరుగారు చెప్పారు. మరుగుదొడ్డి మందుల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. అది గాలికంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. కనుక నేల దగ్గరే పేరుకుంటుంది. పీట మీద కూర్చున్న నాకు సరిగ్గా ముక్కు దగ్గరికే వచ్చిందన్నమాట. "కలపరాదు" అని డబ్బా మీద అచ్చువేసే ఉంది. సర్వీసంతా ప్రతి వస్తువు లేబులూ చదివి రిజిస్టరులో ఎక్కించినవాణ్ణి, సొంత ఇంట్లో ఒక్క లేబులు చదవలేదు.

ఆ తర్వాత మా ఇంటి అలమర ఖాళీ చేసి చూస్తే పదకొండు సీసాలు బయటపడ్డాయి. ఇప్పుడు ఉన్నవి కొన్నే. ఆ జాబితాయే మీకు చెబుతాను.

మొదటిది చీపురు. మన సీమలో పరక అంటాం. ఇంటి లోపలికి మెత్తటి కొండచీపురు, పెరట్లోకి, మురుగు నీళ్లకు కొబ్బరి ఈనెల చీపురు. ఒకదాని పని ఇంకొకదానితో చేయిస్తే రెండూ త్వరగా పాడవుతాయి. మన్యంలో గిరిజనులు కొండల మీద కోసి తెచ్చే ఈ గడ్డిని 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా కొంటుంది. కొనేటప్పుడు పిడి దగ్గర కట్టు బిగువుగా ఉందా అని చూడండి. దులిపితే పుల్లలు రాలే చీపురు వద్దు. నడుము వంగని వాళ్లకు పొడుగు కర్రది మేలు. ఉబ్బసం ఉన్న ఇంట్లో పొడి చీపురుతో దుమ్ము లేపడం తగ్గించి, తడిగుడ్డతో తుడవడం ఎక్కువ చేయాలి.

రెండవది బకెట్టు, తుడుపు కర్ర. మన వయసులో అసలు చూడవలసింది బరువు. 15 లీటర్ల బకెట్టు నిండితే 15 కిలోల పైమాటే. దాన్ని ఎత్తబోయి నడుము పట్టేసిన మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. చిన్న బకెట్లు రెండు కొనండి. ఒకదాంట్లో మందు నీళ్లు, ఒకదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. గుడ్డను బాగా పిండాలి. నేల మీద నీళ్లు నిలిస్తే శుభ్రత మాట అటుంచి, తుంటి ఎముకకు ముప్పు. ఆరేదాకా ఎవరూ అటు నడవకూడదు. బాత్రూము నీళ్లు లాగడానికి రబ్బరు వైపరు ఒకటి తప్పనిసరి.

మూడవది గుడ్డలు. పాత నూలు పంచె ముక్కలు చాలు. కొనాలనుకుంటే మైక్రోఫైబరు గుడ్డ దుమ్ము బాగా పడుతుంది. వంటింటి గుడ్డ, బాత్రూము గుడ్డ వేరువేరు రంగులవి పెట్టుకోండి, పొరపాటు జరగదు. గిన్నెలు తోమే స్పాంజి తడిగా ఉంటే అందులో క్రిములు పెరుగుతాయి. పిండి, ఎండలో ఆరబెట్టి, వాసన వస్తే పారేయండి. ఇత్తడి సామానుకు మాత్రం మన చింతపండును మించింది నాకు కనబడలేదు.

నాలుగవది మందులు. రోజువారీ పనికి సబ్బు నీళ్లే చాలు. జిడ్డును, దానితోపాటు చాలావరకు క్రిములను అవే తీసుకుపోతాయి. సింకులో మరకలకు వంట సోడా. వాసన ఘాటుగా ఉంటే శుభ్రమైనట్టు కాదు. ఫినాయిల్ ఎక్కువ పోసినంత మాత్రాన నేల ఎక్కువ శుభ్రం కాదు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు బ్లీచింగ్ అవసరం. ముందు సబ్బుతో కడగాలి, ఎందుకంటే మురికి మీద బ్లీచింగ్ శక్తి తగ్గిపోతుంది. తర్వాత సబ్బు పోయేలా నీళ్లతో జాడించాలి. 5 శాతం ద్రవ బ్లీచ్ అయితే లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు చాలు. పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. బ్లీచింగ్ పౌడరు తేమ తగిలితే బలం కోల్పోతుంది కనుక చిన్న పొట్లమే కొనండి.

ఇక ఆమ్లం. మన ఇళ్లలో చాలామందివి బేతంచెర్ల బండలు, కడప బండలు. అవి సున్నపురాయి జాతివి. పాలరాయి కూడా అంతే. వాటి మీద ఆమ్లం పడితే రాయినే తినేస్తుంది. నిమ్మరసం పడినా మెరుపు పోతుంది. బండల మరకలకు ఆమ్లం వాడకండి. మరుగుదొడ్డి పింగాణీకి మాత్రమే, అదీ కంపెనీ డబ్బాలోదే, రబ్బరు తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి వాడండి. విడి ఆమ్లం అసలు తేవద్దు. 2013లో సుప్రీంకోర్టు దాని విడి అమ్మకాల మీద ఆంక్షలు విధించింది. కొన్నవారి వివరాలు రాసుకోవాలని, 18 ఏళ్లలోపు వారికి అమ్మరాదని చెప్పింది.

ఏ మందునైనా దాని డబ్బాలోనే ఉంచండి. కూల్ డ్రింకు సీసాలో పోస్తే సెలవులకు వచ్చిన మనవడు తాగేస్తాడు. పొరపాటున తాగితే బలవంతంగా వాంతి చేయించకండి. డబ్బా చేతపట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి. ఘాటు వాయువు వస్తే అన్నీ అక్కడే వదిలేసి బయటి గాలిలోకి రండి, సీసా మూతకోసం కూడా మళ్లీ లోపలికి వెళ్లకండి, 108కి ఫోన్ చేయండి.

వీటన్నిటిలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి: ఏ రెండు మందులూ కలపవద్దు. ఒకటి వాడాక పుష్కలంగా నీళ్లు పోసి కడిగి, రెండోది ఇంకో రోజు వాడండి.

మరో మాట. ఈ పని మనలో చాలామంది మగవాళ్లం ఏనాడూ చేయలేదు. సామాను కొనేది మనం, చేతులు కాలేది ఇంటావిడకో, పనికి వచ్చే అమ్మాయికో. మా ఇంటి అమ్మాయి వేళ్లు పగిలి ఉన్నాయని నేను గమనించింది కూడా ఆ సంక్రాంతి తర్వాతే. ఇప్పుడు ఆమెకు తొడుగులు కొనిస్తున్నాం. బాత్రూము మాత్రం వారానికి రెండుసార్లు నేనే కడుగుతున్నాను, కిటికీ తెరిచి. మా ఆవిడ అదుగో, మూడో వరుసలో కూర్చుంది. బయలుదేరేముందు, "ఏమండీ, కలపొద్దని మొదటే చెప్పండి, చివరిదాకా ఎవరూ మేలుకుని ఉండరు" అంది. మొదటే చెప్పలేకపోయాను, చివరన రెండుసార్లు చెబుతున్నాను. కలపకండి.