చిన్న గ్రాంటు ఎవరి చేతికి, ఎన్నేళ్లకు?

(సంఘం మండల స్థాయి శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రకృతి వ్యవసాయానికీ పర్మాకల్చర్‌కూ గ్రాంటులు ఇస్తామంటూ ఊళ్లకు వచ్చేవారు ఈ మధ్య పెరిగారు. తీసుకోవాలా వద్దా అని గ్రామ కమిటీలు మనల్ని అడుగుతున్నాయి. తీసుకోవచ్చు. కానీ ఏ షరతులతో తీసుకోవాలో ముందు మనం తేల్చుకోవాలి. ఈ రోజు మాట్లాడదలచింది అదే.

పర్మాకల్చర్ అనే మాట మనది కాదు. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మొలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1970లలో పెట్టిన పేరు. శాశ్వత వ్యవసాయం అనుకోండి. వాన నీటిని మెరకలోనే ఆపడం, గట్ల మీద చెట్లు పెంచి ఆకు చేనుకే వేయడం, ఒకే పంటను నమ్ముకోకుండా కలిపి వేయడం, పశువును చేను నుంచి విడదీయకపోవడం. మన తాతలకు ఇందులో సగం తెలుసు. మిగతా సగం, అంటే వాలును కొలిచి కందకం ఎక్కడ తీయాలో ముందే గీసుకుని పని మొదలుపెట్టడం, నేర్చుకోదగ్గదే. మొలిసన్ 1980లలో మన దేశానికి వచ్చి ఈ తరగతులు చెప్పారు. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. కాబట్టి ఇది నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు.

ఇక డబ్బు సంగతి. ప్రపంచ పర్యావరణ నిధి కింద 1992 నుంచి చిన్న గ్రాంటుల కార్యక్రమం ఒకటి నడుస్తోంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దాన్ని నడిపిస్తుంది. డబ్బు నేరుగా ప్రజా సంఘాలకూ స్వచ్ఛంద సంస్థలకూ వస్తుంది. ఒక్కో గ్రాంటుకు చాలాకాలం 50 వేల డాలర్లే గరిష్ఠ పరిమితి. కేంద్రం 2015లో పెట్టిన పరంపరాగత్ కృషి వికాస్ యోజనలో 20 హెక్టార్ల క్లస్టరుకు మూడేళ్ల సాయం. 2024 నవంబరులో ఆమోదించిన సహజ వ్యవసాయ జాతీయ మిషన్‌కు 2,481 కోట్లు. దేశం మొత్తానికి చూస్తే ఇది ఏపాటి? గిట్టుబాటు ధర ఇవ్వకుండా, పంట కొనకుండా, జీవామృతం డ్రమ్ము చేతిలో పెట్టి ఇక పొమ్మంటే ఒప్పుకునేది లేదు. మద్దతు ధర పోరాటం మద్దతు ధర పోరాటమే. గ్రాంటు దానికి బదులు కాదు.

అయినా చిన్న డబ్బు పెద్ద పని చేసిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల గురించి మీలో చాలామంది విన్నారు. వాళ్లలో ఎక్కువ మంది దళిత మహిళలు. ఎకరా, రెండెకరాల చెలక భూములు, అందులోనూ చాలావరకు బీళ్లు. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో వాళ్లు చేసిన పని మనం బాగా అర్థం చేసుకోవాలి. బీడు భూమిని సాగులోకి తేవడానికి ఎకరాకు 2,700 రూపాయల చొప్పున అడ్వాన్సు ఇచ్చారు. దుక్కికీ, పెంటకూ, విత్తనానికీ. అది ఉచితం కాదు, వడ్డీ అప్పూ కాదు. ఐదేళ్లలో జొన్నల రూపంలో ఊరి గాదెకే తిరిగి కట్టాలి. ఆ జొన్నలను ఆకలి నెలల్లో ఊళ్లోని పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదలో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. అమ్మగా వచ్చిన డబ్బు మళ్లీ సాగుకే. ముప్పైకి పైగా ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు అలా సాగులోకి వచ్చింది. రేషన్ బియ్యం కోసం ఎదురుచూసే ఊళ్లు తమ జొన్న తామే తిన్నాయి. 2019లో ఈ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహుమతి మాట అలా ఉంచండి. మనకు కావలసింది ఆ లెక్క: వచ్చిన రూపాయి ఊరు దాటి పోలేదు.

దీన్ని మన ఊరికి వేసి చూద్దాం. లెక్క కోసం ఐదు లక్షల గ్రాంటు అనుకోండి. యాభై కుటుంబాలకు పంచితే తలా పదివేలు. ఒక డ్రమ్ము, కొంత పైపు, ఒక శిక్షణ భోజనం. రెండో ఏడు వెళ్లి చూస్తే డ్రమ్ములో నీళ్లు పట్టుకుంటుంటారు. ఊరి మొగదలలో బోర్డు మాత్రం భద్రంగా ఉంటుంది. అదే డబ్బును ఇరవై కుటుంబాలకు పాతికవేల చొప్పున కందకాలకూ, చెరువు మట్టికీ, గట్ల మీద మొక్కలకూ అడ్వాన్సుగా ఇచ్చి, ఏడాదికి ఐదువేల విలువైన ధాన్యం గానీ విత్తనం గానీ తిరిగి కట్టించుకుంటే, ఏటా లక్ష వెనక్కి వస్తుంది. నాలుగు కొత్త కుటుంబాలు చేరతాయి. కరువు ఏడాది వసూలు వాయిదా వేసుకునే అధికారం గ్రామ కమిటీకే ఉండాలి. ఇచ్చినవాడు ఒప్పుకోడంటారా? అడగకముందే అలా అనుకోవద్దు. దరఖాస్తులోనే రాసి అడుగుదాం.

ఇప్పుడు అసలు చిక్కు. కందకం తీసి, మట్టి తోలి, చెట్టు పెంచిన చేనులో ఫలితం కనబడేసరికి మూడో ఏడు వస్తుంది. మనలో చాలామంది కౌలుదారులు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి, అదీ 11 నెలలకే. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు కౌలు రైతును లెక్కలోకే తీసుకోలేదు. గ్రాంటు ఫారాల్లో కూడా మొదటి గడి పాస్‌బుక్ నంబరే. అంటే భూమి బాగుచేసే చెమట కౌలు రైతుది, బాగుపడ్డ భూమికి పెరిగిన కౌలు వసూలు చేసుకునేది ఇంకొకరు. లేదా మూడో ఏడు చేను ఖాళీ చేయమంటారు. ఇది జరిగితే మన సంఘం చేతులమీదుగానే కౌలు రైతుకు నష్టం చేసినట్టవుతుంది.

జహీరాబాద్ మహిళలు దీనికీ ఒక దారి చూపారు. ఒక్కొక్కరుగా కాక సంఘంగా భూమి కౌలుకు తీసుకుని కలిసి సాగు చేశారు. అందుకే మన ప్రతిపాదన ఇది: కౌలు చేనులో గ్రాంటు డబ్బు పెట్టాలంటే ముందు కనీసం ఐదేళ్లకు రాతపూర్వక ఒప్పందం, మధ్యలో కౌలు పెంచబోమన్న మాటతో సహా ఉండాలి. యజమానికి తన భూమి పోతుందన్న భయం ఉంటుంది. మన గ్రామ కమిటీ పెద్దలు మధ్యన కూర్చుని, సాక్షి సంతకాలు చేసి, ఆ భయం తీర్చాలి. యజమాని ససేమిరా అంటే ఆ చేనులో గట్టు పని పెట్టవద్దు. ఆ కౌలు రైతుకు విత్తనం, పశువుల పెంట, మేకలు, అంటే తనతో తీసుకుపోగలిగినవే ఇద్దాం.

మహిళల పేర్ల విషయం కూడా. విత్తనం ఏరేది, దాచేది వాళ్లే. విత్తన నిధి తాళం చెవీ, బ్యాంకు ఖాతా సంతకమూ వాళ్ల చేతుల్లో ఉండాలి. భర్త పేరు రాసి భార్యతో పని చేయించే పద్ధతి మనకొద్దు.

వచ్చే నెల కమిటీ సమావేశానికి ప్రతి గ్రామం మూడు కాగితాలు తీసుకురావాలి. ఊళ్లో కౌలు రైతుల జాబితా, ఎవరి చేను, ఎన్నేళ్లుగా సాగు చేస్తున్నారో సహా. మెరక, పల్లం, నీరు పారే దారి చూపే ఊరి పటం, చేత్తో గీసినా చాలు. ఇంకా ఊళ్లో మిగిలి ఉన్న పాత విత్తనాలు ఏవి, ఎవరి ఇంట్లో ఉన్నాయో. ఈ మూడూ చేతికి అందాకే ఏ గ్రాంటు ఫారం మీదైనా సంఘం ముద్ర వేద్దాం.