రాగి ఉండలు పిల్లలే చుట్టాలి

నగరి చుట్టుపక్కల ఇళ్లకు రాగి సంగటి కొత్త కాదు. పిల్లలు తినరే, అంటారా? వాళ్లు వద్దనేది చాలాసార్లు రాగిని కాదు, సంగటిని. 2023లో మన ప్రభుత్వ బడుల్లో బెల్లం వేసిన రాగిజావ మొదలైంది. గింజ అదే, రుచి వేరు. ఇంట్లో ఉండలు ఇంకా సులువు. కమ్మటి వాసన వచ్చేదాకా రాగిపిండిని మీరు వేయించండి. వేయించిన చెనక్కాయల పొట్టు పిల్లల్ని తీయమనండి. అవి దంచి, వేయించిన పిండిలో వేసి, బెల్లం తురుము, కాచిన నెయ్యి కలపండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు పిల్లలే చుట్టాలి. తమ చేత్తో చుట్టింది తినాలని వాళ్లకే అనిపిస్తుంది. బెల్లమూ తీపే కదా? నిజమే. అందుకే తక్కువ వేయండి. అంతేగానీ ఉండలు మానొద్దు. ఎముకలకు కావలసిన కాల్షియం బియ్యంలో కన్నా రాగుల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే చెబుతున్నాను: పొయ్యి దగ్గర మీరు, ఉండల దగ్గర వాళ్లు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.