కూర్పు ముగిసిన తరువాత
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవాల వీడియో పని చూసే మా బృందాన్ని నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. వేదిక మీద పాడేవారూ ఆడేవారూ ఉండగా కెమెరా వెనుక నిలబడే వారికి ఉపన్యాసమేమిటని మొదట సంకోచించాము. అయితే మా పనిలో ఒక చిక్కు ఉంది. అది మా ఒక్కరిది కాదు, యాన్బులో ఉన్న తెలుగువారందరిదీ. అందుకే మీ ముందు పెడుతున్నాము.

మన పాత సినిమాల టైటిళ్ళలో ఎడిటింగును ‘కూర్పు’ అనేవారు. చక్కని మాట. ఒక ఉత్సవాన్ని రెండు కెమెరాలతో నాలుగు గంటలు తీశామనుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 గిగాబైట్లు. మొత్తం 360 గిగాబైట్లు. అందులోనుంచి ఏరి కూర్చి మీకు చూపించేది ఇరవై నిమిషాలు. చూపించిన మర్నాడు మొదలవుతుంది ప్రశ్న: మిగిలినదాన్ని ఏం చేయాలి? డిస్కు నిండిపోయింది. వచ్చే పండుగకు చోటు కావాలి. ‘పనైపోయిందిగా, చెరిపేద్దాం’ అనిపించడం సహజమే.

కాని ఆ మిగిలినదానిలో ఎవరున్నారో ఒక్కసారి ఆలోచించండి. చూపించిన ఇరవై నిమిషాలలో జ్యోతి ప్రజ్వలన ఉంటుంది, ముఖ్య అతిథి ఉంటారు, పిల్లల నృత్యాలుంటాయి. పక్కన పెట్టినదానిలో పులిహోర వడ్డించినవారు, కుర్చీలు మోసినవారు, షట్‌డౌన్ పనికి మూడు నెలల కోసం వచ్చి వెనుక వరుసలో నిలబడి చూసిన శ్రీకాకుళం వెల్డర్లు, కరీంనగర్ డ్రైవర్లు ఉంటారు. 1975లో రాయల్ కమిషన్ ఏర్పడిన తరువాత ఈ ఎర్ర సముద్రపు ఒడ్డున పారిశ్రామిక నగరం లేచింది. దానిలో చెమటోడ్చిన మనవాళ్ళు కాంట్రాక్టు ముగియగానే ఎగ్జిట్ తీసుకుని వెళ్ళిపోతుంటారు. మనలో ఎవరికీ ఇక్కడ తాతల నాటి ఇల్లు లేదు, పొలం లేదు. ఈ ఊళ్ళో మనం ఉన్నామనడానికి ఆనవాళ్ళలో ఈ చిత్రాలు ముఖ్యమైనవి. ఇప్పుడు అనవసరమని తీసేసిన ముఖం కోసమే ఇరవై ఏళ్ళ తరువాత ఒక కుటుంబం వెతుక్కోవచ్చు.

మన జాతికి ఇలా పోగొట్టుకోవడం కొత్త కాదు. రఘుపతి వెంకయ్యగారు, వారి కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీశారు. హెచ్.ఎం. రెడ్డిగారి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. ఈ రోజు ఆ రెండింటిలో ఏదీ మనం చూడలేము, ప్రతులు మిగలలేదు. ఆ రోజుల్లో సినిమా ఆడడం అయిపోతే రీలుకు విలువ లేదు. ఇట్టే అంటుకునే నైట్రేటు ఫిల్ము; దానిలోని వెండి కోసం కరిగించేవారు కూడా. పూనాలో ఫిల్ము ఆర్కైవు ఏర్పడింది 1964లో. అప్పటికే చాలా ఆలస్యమైంది.

దాచినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ లేదు. అన్నమాచార్యుల సంకీర్తనలను వారి కుటుంబం రాగిరేకుల మీద చెక్కించింది. అంతకన్న గట్టి వస్తువు ఏముంది? అయినా శతాబ్దాల పాటు అవి తిరుమలలో లోకానికి తెలియకుండా ఉండిపోయాయి. 1922లో గాని వెలికి రాలేదు. ముప్పయి రెండు వేల సంకీర్తనలని చెబుతారు. దొరికినవి సగమైనా లేవు. వస్తువు ఉండాలి, అది ఎక్కడ ఉందో తెలిసిన మనిషీ ఉండాలి.

ప్రతి ఉందని నమ్మడం వేరు, తెరిచి చూడడం వేరు. 1998లో అమెరికాలో పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా ఒక్క తప్పు ఆజ్ఞతో సినిమాలో చాలా భాగం చెరిగిపోయింది. బ్యాకప్ చూస్తే అది సరిగా పనిచేయలేదు. పసిబిడ్డ తల్లి గాలిన్ సస్మన్ ఇంటి దగ్గర పనిచేయడానికి ఉంచుకున్న ప్రతి వారిని ఆదుకున్నది.

ఇక మా అనుభవంలో తేలిన పద్ధతి చెబుతాము. చెరపదగినవి చాలా ఉన్నాయి. కంప్యూటరు తన సౌకర్యం కోసం తయారుచేసుకున్న కాష్, ప్రివ్యూ, రెండర్ ఫైళ్ళు, చిన్న సైజు ప్రాక్సీలు, తప్పులున్న చిత్తు ప్రతులు నిశ్చింతగా తీసేయవచ్చు. కావాలంటే మళ్ళీ తయారవుతాయి. మళ్ళీ తయారు కానివి కెమెరా నుంచి వచ్చిన అసలు క్లిప్పులు. వాటిని ఉంచాలి. ప్రాజెక్టు ఫైలు చాలా చిన్నది, వంటకు రాసుకున్న కొలతల చీటీ వంటిది. సరుకులు లేకపోతే చీటీతో కడుపు నిండదు. పాటలు, ఫొటోలు, టైటిళ్ళు, ఫాంట్లు కూడా ఒకే ఫోల్డరులో చేర్చాలి. అను ఫాంటులో వేసిన తెలుగు టైటిలు ఆ ఫాంటు లేని యంత్రంలో పిచ్చి గీతలైపోతుంది. సాఫ్టువేరూ శాశ్వతం కాదు: 2011లో ఫైనల్ కట్ ప్రో కొత్త రూపంలో వచ్చినప్పుడు పాత ప్రాజెక్టులు దానిలో నేరుగా తెరుచుకోలేదు. అందుచేత పూర్తయిన చిత్రాన్ని మంచి నాణ్యతతో విడిగా ఉంచుకోవాలి.

ప్రతులు మూడుండాలి. రెండు ఇక్కడ, రెండు వేరువేరు రకాల పరికరాల మీద. మూడవది సెలవుపై వెళ్ళేవారి చేత ఇండియాలో భద్రమైన చోటికి. కారులో మాత్రం వదలవద్దు. మన వేసవి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఏటా ఉగాది నాడు పంచాంగం విన్నట్టే, డిస్కులన్నీ తెరిచి ఒకసారి చూడాలి. రెండు ప్రతులు తెరిచి చూసేదాకా కెమెరా కార్డు చెరపరాదు.

ఉంచకూడనివీ కొన్ని ఉన్నాయి. ఒక సోదరి తన దృశ్యం వద్దంటే, అది అన్ని ప్రతులలోనుంచీ పోవాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల మాటే చెల్లాలి. అనుమతి లేని చోట తీసిన కర్మాగారం దృశ్యం అసలు మన దగ్గర ఉండరాదు. ఒకరి ఏకాంతానికి కెమెరాతో భంగం కలిగించడం ఈ దేశపు 2007 నాటి సైబరు నేరాల చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా మర్యాద ఉంది కదా.

చివరగా కార్యవర్గానికి మా విన్నపం. నేడు ఈ డిస్కులు తీసినవారి గదులలో, పెట్టెలలో ఉంటున్నాయి. ఆ మనిషికి ఎగ్జిట్ వస్తే డిస్కు ఆయనతో పోతుంది, లేదా సామాను సర్దే తొందరలో చెత్తకుండీలో పడుతుంది. కనుక డిస్కులు సంఘం ఆస్తి కావాలి. ఒక బీరువా, ఒక రిజిస్టరు చాలు. ఏ పండుగ, ఏ తేదీ, ఎవరు తీశారు, తెర మీద ఎవరెవరున్నారు, ఏ సాఫ్టువేరు అన్నవి దానిలో తెలుగులో రాయాలి. ఊరు విడిచే ప్రతి ఎడిటరూ తన తరువాతి వారికి డిస్కు తెరిచి చూపించి, సంతకం పెట్టి అప్పగించాలి. అప్పగింత జరిగిన నాడే కూర్పు ముగిసినట్టు.

ఖర్చు కొద్దిపాటిది. రిజిస్టరులో మొదటి పుట రాయడానికి మేము సిద్ధంగా ఉన్నాము. వెనుక వరుసలో నిలబడిన సోదరులను సభ ముగిశాక ఒక్క నిమిషం ఆగి మాకు తమ పేరు, ఊరు చెప్పి వెళ్ళవలసిందిగా కోరుతున్నాము.