ఇంటి దీపము – చదువు దీపము

(శరన్నవరాత్రులలో మూలానక్షత్రం నాడు, సరస్వతీ పూజానంతరం ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు అమ్మవారు సరస్వతీ రూపంలో మనకు దర్శనమిచ్చిన శుభదినం. ఉదయం నుండి ఎందరో తల్లులు తమ బిడ్డల చేత పలక పట్టించి, అక్షరాభ్యాసం చేయించుకొని వెళ్లారు. ఆ బిడ్డల చదువు గురించి చెప్పే పెద్దలు ఎందరో ఉన్నారు. ఈ సాయంత్రం నేను వారిని ఒడిలో కూర్చోబెట్టుకున్న తల్లుల చదువు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. డెబ్బై ఆరేళ్ల వయస్సులో, అమ్మవారి సన్నిధిలో, దానిని దాచుకోవటం నాకు శోభించదు.

మా ఇల్లు ఇక్కడికి దగ్గరే, లాల్ దర్వాజాలో. మా కోడలు పెళ్లినాటికి డిగ్రీ పూర్తి చేసినది. పెళ్లయిన తరువాత సంస్కృతంలో ఎం.ఏ. చేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరినది. తెల్లవారుజామున లేచి వంట ముగించి, పిల్లవాడికి స్నానం చేయించి, డబ్బా కట్టి, నా మడిబట్ట ఆరవేసి బయలుదేరేది. ఉప్పుగూడలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి, యాకుత్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్ దాటి ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో దిగేది. రైలు తప్పితే బస్సులు మారవలసిందే. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైనది. సంతోషమే. అయితే ఛార్జీ తగ్గినది గాని, దారిలో పోయే గంటలు తగ్గలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి దీపారాధన వేళ. మళ్లీ వంట, పిల్లవాడి పాఠాలు. అందరమూ నిద్రించిన తరువాత ఆమె పుస్తకం తెరిచేది.

ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. చూసి, "మా కోడలు రెండూ చక్కగా నెట్టుకొస్తున్నది" అని నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడిని. ఆ రెండింటిలో ఒకదానికైనా నేను చేయి వేశానా అన్న ఆలోచన నాకు రాలేదు.

ఒకనాడు ఆమె చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లవలసి వచ్చినది. తాను పరిశీలిస్తున్న వ్యాఖ్యానానికి తాళపత్ర ప్రతి అక్కడ ఉన్నది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు కూడా తీసుకున్నది. ప్రయాణం నాటి ఉదయం పిల్లవాడికి ఒళ్లు వెచ్చబడినది. ఇంట్లో నేనున్నాను, మా అబ్బాయి ఉన్నాడు, వీధి చివర వైద్యుడు ఉన్నాడు. అయినా నేను అన్నాను: "అమ్మా, ఇల్లాలికి ముందు ఇల్లు. తాటాకులు ఎక్కడికీ పోవు."

ఆమె ఎదురు మాట్లాడలేదు. "అలాగే మామయ్యగారూ" అని సంచీలోని బట్టలు తీసి మళ్లీ బీరువాలో సర్దినది. పిల్లవాడి జ్వరం రెండు రోజుల్లో తగ్గినది. ఆమె మాత్రం ఏడాది పాటు ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. నేనూ అడగలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉన్నదనుకున్నాను.

మరుసటి ఏడు ఒక సప్తాహం కోసం తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిని మళ్లీ చూసుకుంటున్నాను. చిన్ననాడు గురువుగారి ఎదుట కూర్చొని వల్లె వేసినది. అందులో తొమ్మిదవ అనువాకంలో ఋషి ధర్మాలను వరుసగా చెబుతాడు. ఋతము, సత్యము, తపస్సు, ఇంద్రియనిగ్రహము, మనోనిగ్రహము, అగ్నులు, అగ్నిహోత్రము, అతిథులు, లోకవ్యవహారము, సంతానము, సంతానాన్ని కనటం, వంశాన్ని వృద్ధి చేయటం. ఇవి పన్నెండు. ప్రతి ధర్మానికీ జతగా చదవటం, చెప్పటం అనే రెంటినీ పన్నెండుసార్లూ విడువక చెప్పాడు. అతిథి వచ్చినాడని చదువు మానమనలేదు. బిడ్డలు కలిగినారని పుస్తకం మూయమనలేదు.

"స్వాధ్యాయమంటే అక్కడ వేదాధ్యయనం కదా, విశ్వవిద్యాలయపు చదువుకు ఎలా అన్వయిస్తారు?" అని పండితులు అడుగవచ్చు. ఆ అర్థాన్ని నేను కాదనటం లేదు. నేను గ్రహించినది ఒక్కటే. ఇల్లు, చదువు పరస్పరం శత్రువులని ఋషి భావించలేదు. ఆ వైరం మనం కల్పించినది.

అప్పుడు నా సొంత కథ గుర్తుకు వచ్చినది. నేను పెద్ద పరీక్షకు కూర్చున్ననాటికి నాకు పెళ్లయి, ఇద్దరు బిడ్డలు కూడా ఉన్నారు. పొరుగూరిలో గురువుగారి వద్ద నెలల తరబడి ఉండి చదువుకున్నాను. ఆ రోజుల్లో మా పెద్దవాడికి ఆటలమ్మ పోసినది. నాకు ఉత్తరం వ్రాయవద్దని, చదువు పాడవుతుందని నా ఇల్లాలు అందరికీ చెప్పినదట. నేను తిరిగి వచ్చి బిడ్డ ముఖం మీది మచ్చలు చూస్తే గాని నాకు తెలియలేదు. "ఇల్లు విడిచి చదువేమిటి?" అని నన్ను ఒక్కరూ అడగలేదు. వివాహితుడైన విద్యార్థిగా నాకు దక్కిన గౌరవం, వివాహిత అయిన విద్యార్థిని మా కోడలికి నా నోటి నుండి దక్కలేదు.

వాచస్పతి మిశ్రుల ఐతిహ్యం మీకు తెలిసినదే. ఆయన శాంకరభాష్యానికి వ్యాఖ్య వ్రాస్తున్నన్నాళ్లూ ఇల్లాలు దీపంలో చమురు పోస్తూ ఉండిపోయినదట. ఆ ఋణానికి ఆయన గ్రంథానికే ఆమె పేరు పెట్టి, దానిని 'భామతి' అన్నారు. ఈ కథను వందలసార్లు చెప్పి కన్నీరు తెప్పించాను. ఇప్పుడు గ్రంథం వ్రాస్తున్నది భామతి అయితే, దీపంలో చమురు పోయవలసినది ఎవరు? ఈ ప్రశ్న నాకు అంతవరకు తోచలేదు.

తెలుగునాట దీనికి సమాధానం చెప్పినవారు ఉన్నారు. 1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారికి చిన్ననాడే వివాహమైనది. బడికి వెళ్లే యోగం లేదు. ఆమె ఇంట ఉండి చదువుకున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు, తాను నేర్చినది అక్కగారికి నేర్పారు. కన్నబిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలోనూ ఆమె చదువు విడువలేదు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించి, 1905లో, చిన్న వయస్సులోనే కన్నుమూశారు. మూసీ ఆవల సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపకులలో ఆ తమ్ముడుగారు ఒకరు. ఊరికి గ్రంథాలయం ఇవ్వకముందే ఆయన ఇంట్లో అక్కగారికి విద్య పంచారు.

ఉపనిషత్తు మూసి, కోడలిని పిలిచాను. "అమ్మా, ఆనాడు నేను చెప్పినది ధర్మం కాదు, నా సౌకర్యం. మళ్లీ టికెట్టు తీసుకో" అన్నాను. ఆమె చాలాసేపు తలవంచుకొని నిలబడి, "పిల్లవాడి డబ్బా ఎవరు కడతారు మామయ్యగారూ?" అని అడిగినది. "నేర్చుకుంటాను" అన్నాను. మొదటి రోజు ఉప్మా మాడినది. మనుమడు బడిలో డబ్బా మూత తీయకుండానే తిరిగి తెచ్చాడు. మూడవ రోజుకు తినదగినట్లు వచ్చినది. అన్నం, పప్పు మా అబ్బాయి వంతు అయినవి. సంధ్యాదీపం, పిల్లవాడి పాఠాలు నా వంతు. చెన్నైలో ఆమె పది రోజులు ఉండి, ప్రతి అంతా చూసి వచ్చినది.

మొన్న మాఘమాసంలో ఆమె సిద్ధాంత గ్రంథం సమర్పించినది. తోటివారికంటె ఏడాది ఆలస్యం. ఆ ఏడాది నేను తీసుకున్నది, తిరిగి ఇవ్వలేను. అందుకే ఇక్కడ చెబుతున్నాను, మరొక ఇంట ఆ ఏడాది పోకుండా ఉండాలని.

ఈ ఆలయానికి దాతలు ఎందరో వస్తారు. అన్నదానం చేస్తారు, పేద విద్యార్థులకు ఫీజులు కడతారు. మహాపుణ్యం. అయితే డబ్బుతో పని లేని విద్యాదానం కూడా ఒకటి ఉన్నది. మీ ఇంట చదువుకుంటున్న కోడలో, కూతురో, భార్యో ఉంటే, రోజుకు రెండు గంటలు ఆమెకు విడిచిపెట్టండి. ఆ రెండు గంటలూ పొయ్యి దగ్గర, పిల్లల దగ్గర మీరు నిలబడండి. ఆమె తలుపు వేసుకొని చదువుకుంటుంటే, "కాఫీ కలుపుతావా?" అని ఆ తలుపు తట్టకండి. రసీదు లేని దానమది. అమ్మవారు తప్పక లెక్కలో వ్రాసుకుంటుంది.

చదువుకుంటున్న తల్లులారా! ఆలస్యమైనదని పుస్తకం మూయకండి. సహాయం అడగటం అపరాధం కాదు. నా కోడలు అడగలేదు, నేను గ్రహించలేదు. ఆ ఏడాది అట్లే పోయినది. మీరు అడగండి.

స్వస్తి.