రెండు టెంట్ల దావత్

(ఫూలే, అంబేడ్కర్ జయంతుల సందర్భంగా హైదరాబాద్‌లో జరిగిన పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు మీ పరిశోధన గురించి మాట్లాడండి అన్నారు. నా పరిశోధన గురించి మాట్లాడితే మా గైడ్ తప్ప చివరిదాకా ఎవరూ కూర్చోరు. ఆయన కూడా మొహమాటానికి కూర్చుంటారు. అందుకని పది రోజులుగా మన వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న గొడవ గురించే మాట్లాడతాను. ఈ రాత్రి భోజనంలో ఏం పెట్టాలి అనే గొడవ. "అందరూ తినేదే పెడదాం" అని ఒకరు. "చికెన్ చాలు, లేనిపోని రచ్చ ఎందుకు" అని ఇంకొకరు. "పెద్ద కూర లేని జయంతి జయంతేనా" అని మరొకరు. నేను చాలా రోజులు ఒక్క ముక్క రాయలేదు. దానికి కారణం మా ఇంట్లో రెండేళ్ల కింద జరిగిన పెళ్లి.

మాది పాత నల్లగొండ జిల్లా. ఊరు అని అలవాటుగా అంటాను కానీ మాది ఊరి పక్కన మాదిగ వాడ. మా నాయిన సర్కారు బడిలో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. తమ్ముడి పెళ్లి మే నెలాఖరున పెట్టారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, సరిగ్గా ఆ రోజుల్లో. పెళ్లికి నెల ముందు నాయిన కాగితం, పెన్ను పట్టుకుని వంటల లెక్క రాయడం మొదలుపెట్టాడు. కాగితం మధ్యలో ఒక గీత గీశాడు. ఒక వైపు మనోళ్లు, రెండో వైపు ఊరోళ్లు.

మనోళ్లకు బగారన్నం, యాట కూర, కోడి కూర, పచ్చి పులుసు. ఊరోళ్లకు పప్పు, సాంబారు, రెండు కూరలు, పెరుగు, జిలేబీ. వాళ్లకు వేరే టెంటు. వాళ్లకు వండడానికి వేరే వంటాయన, ఊరోళ్లు ఒప్పుకునే కులం ఆయన. వేరే గిన్నెలు కిరాయికి. నీళ్లు మూత తీయని సీసాలు. కూల్‌డ్రింకులు కూడా అంతే, మూత తీయకుండా వాళ్ల చేతికే ఇవ్వాలి.

"వాళ్లు ఎట్లాగూ తినరు కద నాయినా" అన్నాను.

"తినకపోయినా పెట్టాలె బిడ్డా. పిలిచి పెట్టలేదన్న మాట రావద్దు."

"మరి పెద్ద కూర?"

నాయిన కాగితం మడత పెట్టాడు. "అది తెల్లారి చూద్దాం. మనం మనమే ఉన్నప్పుడు."

మా అమ్మమ్మ కాలంలో ఈ టెంటు కూడా లేదట. వాడలో పెళ్లైతే దొర ఇంటికి బియ్యం, పప్పు, నెయ్యి, ఒక కోడిపుంజు వండకుండా పంపేవాళ్లు. మేం పండించిన గింజ వాళ్లకు మైల కాదు, మా పొయ్యి మీద ఉడికితేనే మైల. ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. దాని జాగాలో మూత తీయని సీసా వచ్చింది. నలభై మూడు డిగ్రీల ఎండలో ఊరి పెద్దమనుషులు పది మంది వచ్చారు. కుర్చీల్లో కూర్చున్నారు, చదివింపుల కవరు ఇచ్చారు, కూల్‌డ్రింక్ మూత వాళ్లే తీసుకుని తాగారు, లేచారు. అమ్మ పొద్దున్నే జీలకర్ర, కొత్తిమీర వేసి కుండ నిండా చల్ల చేసి పెట్టింది. ఆ వైపు ఒక్కరూ చూడలేదు. మమ్మల్ని ఎవరూ అవమానించలేదు సుమా. అందరూ నవ్వారు, పిల్లను పిలగాన్ని దీవించారు. ఫిర్యాదు చేయడానికి చేతికి ఏమీ దొరకదు, ఎండ దెబ్బకు కూల్‌డ్రింక్ తాగాం అంటారు, అంతే.

ముప్పై మందికి వండిన పప్పు, పెరుగు సాయంత్రానికి పులిసిపోయాయి. ఇవతలి టెంటు కింద మా చుట్టాలకు అన్నం తక్కువ పడి రెండోసారి ఎసరు పెట్టారు. పులిసిన పప్పు గుంతలో పోసింది అమ్మే.

మన విశ్వవిద్యాలయాల్లో మాంసం గొడవ ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది: మమ్మల్ని తిననివ్వండి, మీరెవరు ఆపడానికి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు గొడవలు, బాష్పవాయువు, అన్నీ అయ్యాయి. ఆ రోజు వండి పెట్టిన వాళ్ల ధైర్యం వల్లే ఈ రోజు మనం ఈ మాటలు మైకులో మాట్లాడుతున్నాం. కానీ నన్ను పట్టుకుని వదలనిది ఇంకో ప్రశ్న. మా ఇంట్లో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పోలీసు రాలేదు, వార్డెన్ లేడు. చట్టం కూడా అడ్డం లేదు. 1977 గోవధ నిషేధ చట్టం ఆవును, దూడను కోయొద్దంటుంది, పనికి రాని ఎద్దునో బర్రెనో అధికారి సర్టిఫికెట్‌తో కోయనిస్తుంది. మా సంతలో పోగులు పెట్టి అమ్ముతూనే ఉన్నారు. ఇల్లు మాది, పెళ్లి మాది, పైసలు మావి. అయినా ఏం వండాలో నిర్ణయించింది మా ఇంట్లో ముద్ద ముట్టని పది మంది.

1936లో లాహోర్‌లోని జాత్-పాత్-తోడక్ మండల్ బాబాసాహెబ్‌ను తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా పిలిచింది. కులం పోవాలనే వాళ్ల సంఘం. ఆయన ముందే పంపిన ప్రసంగం చూసి వాళ్లు కంగారుపడ్డారు, కొన్ని మాటలు తీసేయమన్నారు. ఆయన తీయనన్నారు. సభే రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేశారు, అదే 'కుల నిర్మూలన'. అతిథి మాట నచ్చక పిలుపును వెనక్కి తీసుకున్న ఇల్లు అది. ఆ పుస్తకంలోనే ఆయన సహపంక్తి భోజనాల గురించి నిర్మొహమాటంగా చెప్పారు. కలిసి తినే కులాలు ఇప్పటికే ఉన్నాయి, అయినా వాటి మధ్య కులం చావలేదు, కులాంతర వివాహం దాకా పోకుండా, శాస్త్రాల మీద నమ్మకం పోకుండా ఇది తెగదు అని. కాబట్టి ఒక బల్ల మీద కూర పెడితే కులం పోతుందని నేను అనడం లేదు. నాకు అంత అమాయకత్వం లేదు.

ఇంకో ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, నేనే అడిగేస్తాను. 1927లో మహాడ్ సభలో బాబాసాహెబ్ మనల్ని మాంసం మానమన్నారు కదా? మానమన్నది చచ్చిన గొడ్డు మాంసం. ఊరి గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం మన పని, దాని మాంసం మన కూలి అన్న ఏర్పాటును మానమన్నారు. అదే సభ నుంచి మార్చి 20న చవదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగారు. ఫూలే 1868లో తన ఇంటి నీళ్ల హౌదును అంటరానివాళ్లకు తెరిచారు. నీళ్లతో మొదలైంది ఈ కథంతా. మా అమ్మ చల్ల కుండ దగ్గర నాకు గుర్తొచ్చింది అదే.

మరాఠీలో షాహూ పాటోళే 2015లో మరాఠ్వాడా మహార్, మాంగ్ వంటల మీద పుస్తకం రాశారు, 'అన్న హే అపూర్ణ బ్రహ్మ'. దాన్ని నేను ఇంగ్లీషులో చదివాను, 2024లో వచ్చింది. చదువుతుంటే మా మిద్దె కనబడింది. ఎండాకాలం అంటే మాకు తునకల కాలం. కూరను పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు రాసి తాళ్ల మీద ఆరేస్తారు. కాకులు, గద్దలు రాకుండా కట్టె పట్టుకుని కాపలా కూర్చునే ఉద్యోగం పిల్లలది. నా మొదటి ఉద్యోగం అదే, ఫెలోషిప్ కన్నా టైముకు జీతం అందేది. ఒక్కసారే అంత మాంసం వస్తుంది, ఫ్రిజ్ లేదు. అందుకే ఆ దాపరికం. హైదరాబాద్‌లో గది కిరాయికి తీసుకున్నాక అమ్మ పంపిన తునకల డబ్బాను నేను మూడు కవర్లలో చుట్టి పెట్టాను, వాసన వస్తే ఇంటి ఓనరు అడుగుతాడని. నాయిన కాగితం మీద గీత గీసినందుకు కోపం తెచ్చుకునే అర్హత నాకు ఎంత ఉందో మీరే చెప్పండి.

పెళ్లి తెల్లారి పెద్ద కూర వండారు. మా డిపార్ట్‌మెంట్ మిత్రుడు ఒకతను పెళ్లికి వచ్చి ఆగాడు. పై కులం. మంచివాడే. "నేను అన్నీ తింటాను అక్కా" అని ముందే ప్రకటించాడు, ప్లేటుతో ఫోటో దిగాడు, ఎంత బాగుందో పదిసార్లు చెప్పాడు. అమ్మ మొదట మురిసింది, తర్వాత ఇబ్బంది పడింది. మాతో మామూలుగా కూర్చుని "ఇంకొంచెం అన్నం వెయ్యండి" అని ఉంటే చాలు. ముట్టని వాళ్లూ, ముట్టినందుకు మెచ్చుకోలు కోరే వాళ్లూ, ఇద్దరికీ తమ చేతుల మీదే ధ్యాస. ఈ మాట ఇక్కడ కూర్చున్న అతనికి ముందే చెప్పాను, నవ్వాడు.

ఇక్కడితో ఆపేస్తే నాకు చప్పట్లు పడతాయి. కానీ పెళ్లి వీడియో ఆరు నెలల తర్వాత వచ్చింది. డ్రోన్ షాట్‌లో రెండు టెంట్లు కనిపించాయి, వాటికి దూరంగా వేప చెట్టు కింద నలుగురు కూర్చుని ఉన్నారు. డక్కలి వాళ్లు. మాకు జాంబపురాణం చెప్పే వాళ్లు, మా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా అడగని వాళ్లు. మా పెద్దలు వాళ్లను గడప లోపలికి రానివ్వరు. తరువాతి షాట్‌లో ఒక ఆడమనిషి వంగకుండా, పైనుంచి వాళ్ల గిన్నెలో కూర వేస్తోంది. పట్టుచీర చూసి పోల్చుకున్నాను. నేనే. ఆ రోజు నాకు అది గుర్తు కూడా లేదు.

ఊరోళ్ల టెంటు గురించి నేను రెండు సెమినార్లలో మాట్లాడాను. వేప చెట్టు గురించి ఇదే మొదటిసారి.

సరే, ఈ రాత్రి సంగతి. బగారన్నం, పెద్ద కూర, కోడి కూర, పప్పు, పచ్చి పులుసు. అన్నీ ఒకే బల్ల మీద ఉంటాయి, పేరు రాసిన చీటీలతో. మనలోనే మాంసం తినని బౌద్ధ మిత్రులున్నారు, సత్సంగాల్లో మానేసిన కుటుంబాల వాళ్లున్నారు. వాళ్ల పప్పుకు వేరే గరిటె పెట్టాం, అది మర్యాద. "నా పప్పు పక్కన ఆ కూర ఉండొద్దు" అన్న వాళ్లకు మాత్రం ఏమీ చేయలేదు. అలా అన్నది ఒక్కరే, వచ్చారు కూడా. కమిటీ కోసం ఒక మాట: గ్రూపులో నాలుగు వందల మెసేజ్‌లు పెట్టింది మగవాళ్లు, మధ్యాహ్నం నుంచి ఉల్లిగడ్డలు కోస్తున్నది నలుగురు అమ్మాయిలు. మైకు దిగాక వెళ్లి చూడండి. అంట్లు మీవి.

వచ్చే నెల తమ్ముడి బిడ్డ మొదటి పుట్టినరోజు. నాయిన మళ్లీ కాగితం తీశాడు. ఈసారి గీత గీయకముందే ఫోన్ చేశాడు. ఒక్కటే టెంటు, పెద్ద కూర ఆ రోజే, చల్ల కుండ ముందర, సీసాలు వద్దు అని చెప్పాను. చాలాసేపు ఊ కొట్టి, "రానోళ్లు రారు, పోనీ" అన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. ఆ ఊపులో, డక్కలి వాళ్లను కూడా టెంటు లోపలే, మన బంతిలోనే కూసోబెడదాం నాయినా అన్నాను.

నాయిన "మీ అమ్మకిస్త" అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు. అమ్మ మేనత్తల గురించి మొదలుపెట్టింది, వాళ్లు లేచిపోతారేమో అంది. వారం అయింది. రేపు ఊరికి పోతున్నాను.